పాపన్న మేస్త్రీ బిగించిన పిన్ను

"గిరి యాడ?" అని ఎవరడిగినా "ఇంట్లో ఉన్నాడు" అని చెప్పి చెప్పి నా నోరు చేదెక్కిపోయింది. మొగుడు పగలంతా ఇంట్లో ఉంటే మురిసిపోయే ఆడవాళ్లు ఉంటారేమో, నేను ఆ జాతి కాదు. మీసాలు మొలవకముందు నుంచీ గేరుబాక్సుల్లో చేతులు పెట్టిన మనిషి, టీవీ ముందు కూర్చుని అందులో ఏమొస్తున్నదో కూడా చూడకుండా గోడకేసి చూస్తుంటే ఒళ్లు మండదా? నాకు మండేది. ఆ మంట కింద భయం ఉండేదని చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.

మా ఆయన గిరిప్రసాద్‌కు హోసూరులో రాయకోట రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉంది. పాత కార్ల గేరుబాక్సులంటే కృష్ణగిరి నుంచి కూడా ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. కిందటేడు ఒక లారీ గేరుబాక్సు జాకీ మీద నుంచి జారి ఆయన కుడిచేతి మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ మూడు వేళ్లు ముడుచుకోవు. చెంచా పట్టుకుంటాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటాడు. సుత్తి పడితే మాత్రం జారిపోతుంది. ఒకరోజు పక్క షెడ్డు సెల్వం, ఇద్దరు గిరాకీలు చూస్తుండగానే సుత్తి చేతిలోంచి ఎగిరి కారు అద్దం మీద పడింది. ఆ పొద్దే షట్టరు దించి ఇంటికి వచ్చేసినాడు. మళ్లీ ఎత్తలేదు.

నేను మత్తిగిరి దగ్గర గులాబీల ప్యాకింగ్ షెడ్డులో పనిచేస్తాను. ఇల్లు గడవదని కాదు నా బాధ. మనిషి కళ్ల ముందే ఆరిపోతున్నాడు, అదీ నా బాధ. మా అన్న అనంతకుమార్ మంచివాడే, ఊరుకోలేక ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం మాట్లాడినాడు. వచ్చే నెల మొదట్లో చేరాలి. షెడ్డూ సామాన్లూ సెల్వం తీసుకునేటట్టు మాటయింది. గేటు కాపలా తప్పు పని అని నేననను. మా ఆయన ఆ గేటు దగ్గర కుర్చీ వేసుకుని, పోయే ప్రతి బండి గేరు చప్పుడూ వింటూ "మూడోది అరిగింది, రెండోది జారుతుంది" అని లోపల్లోపల అనుకుంటూ ముసలివాడైపోతాడు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఇట్లా ఉండగా ఒక ఆదివారం కృష్ణగిరి నుంచి ద్వారకనాథ్ గారు వచ్చినారు. కృష్ణగిరిలో పెద్ద బట్టల కొట్టు ఆయనది. వాళ్ల నాయన కాలంలో కొన్న నల్ల ఇంగ్లీషు కారు ఒకటి ఉంది ఇంట్లో. రెండో గేరు వేస్తే చాలు, ఎవరో లోపల నుంచి తోసినట్టు జారి బయటికి వచ్చేస్తుందట. వచ్చే నెల పెళ్లిరోజు. భార్య కాంతమ్మను ఆ కారులోనే డ్యాము దాకా తీసుకుపోతానని మాటిచ్చినాడట, పెళ్లైన కొత్తలో పోయినట్లు.

"గిరిప్రసాద్ ఇప్పుడు పని చేసేది లేదంటారే?" అన్నాడు ఆయన అనుమానంగా.

"ఎవరు సామీ అనింది? చేస్తాడు. బండి పంపించండి," అనేసినాను నేను.

లోపల గదిలో టీవీ టక్కున ఆగిపోయింది. ఆయన పోయిన తరువాత ఇంట్లో జరిగిన యుద్ధం నేను చెప్పను. "నన్నడగకుండా ఎట్ల ఒప్పుకొంటివి?" అని మా ఆయన, "అడిగితే ఒప్పుకొంటావా?" అని నేను. ఏడాదిలో మొదటిసారి ఆయన గొంతు అంత పైకి లేచింది. నిజం చెప్పాలంటే నాకు ఆ అరుపు కూడా బాగానే అనిపించింది.

కారు వచ్చింది. మా ఆయన గొణుక్కుంటూనే షట్టరు సగం ఎత్తినాడు. "ఇదొక్కటే. ఇది అయితే అయింది, కాకుంటే గేటు పనికి పోతా. మల్ల నువ్వు నోరెత్తేకి లేదు," అన్నాడు.

"సరే," అన్నాను. సరే అన్నానే గానీ, ఆ మాట నా గుండె మీద బండలాగా కూర్చుంది.

గేరుబాక్సు దించేదానికి సెల్వం చేయి వేసినాడు. పైమూత విప్పి, బల్ల మీద వస్తువును కదలకుండా పట్టే ఇనుప దవడ ఉంటుందే, ఆ వైసులో బిగించినారు. ఈ పాత బండ్లకు ఆ మూత అడుగునే కడ్డీలుంటాయి, కడ్డీకి ఒక ఇనుప ఫోర్కు ఉంటుంది. గేరు మార్చినప్పుడు ఆ ఫోర్కే లోపలి చక్రాన్ని ఇటూ అటూ జరుపుతుంది. ఫోర్కునూ కడ్డీనీ కలిపి పట్టేది వేలంత లేని ఒక పిన్ను. అది ఊడితే కడ్డీ వస్తుంది, కడ్డీ వస్తే అరిగినవన్నీ మార్చవచ్చు. ఊడకపోతే ఎక్కడి పని అక్కడే.

అది ఊడలేదు.

టేపరు పిన్ను అంటారు దాన్ని. ఒక కొన లావు, ఒక కొన సన్నం. సన్నం పక్క నుంచి కొడితే వెనక్కి జారి వచ్చేస్తుంది. లావు పక్క నుంచి కొడితే ఇంకా బిగుసుకుంటుంది. ఆ తేడా కంటికి కనబడేంత పెద్దది కాదు, పైగా ఈ పిన్ను రెండు కొనలూ సుత్తి దెబ్బలకు చదునై ఒక్కతీరుగా ఉన్నాయి. అయితే ఏ గేరుబాక్సులోనైనా అది ఏ పక్క నుంచి దిగుతుందో మెకానిక్కులకు తెలుసు. కుడిచేతివాడు వైసు ముందు నిలబడితే చేతికి ఎటు వాటమో అటు నుంచి దించుతాడు, దాని ఎదురు పక్క నుంచి ఊడగొడతాడు. కంపెనీవాళ్లూ అంతే, మెకానిక్కులూ అంతే.

సెల్వం కొట్టినాడు. వాడిది ఎద్దులాంటి ఒళ్లు. డీజిలు పోసి నానబెట్టినారు, గ్యాసు మంటతో కాల్చినారు, మళ్లీ కొట్టినారు. పిన్ను మీద ఆనించిన ఇనుప పంచ్ కొన వంగిపోయింది గానీ పిన్ను వెంట్రుకంత కదల్లేదు. రోజూ నేను పని నుంచి వచ్చి "ఏమైంది?" అంటే మా ఆయన తల అడ్డంగా ఊపేవాడు. చివరికి సెల్వం చేతులెత్తేసినాడు.

"డ్రిల్లు పెట్టేయ్ గిరీ. వేరే దారి లేదప్పా," అన్నాడు.

"పిన్ను ఉక్కు, ఫోర్కు మెత్తనిది. డ్రిల్లు పక్కకి జారితే ఫోర్కు పోతాది. ఈ బండికి ఫోర్కు యాడ దొరుకుతాది? కారు పాత ఇనుముకి పోవాల్సిందే," అన్నాడు మా ఆయన.

సెల్వం ఊరుకోకుండా ద్వారకనాథ్ గారికి ఫోను చేసి, పని కాదు, వచ్చి బండి తీసుకుపోండి అని చెప్పేసినాడు. సోమవారం వస్తానన్నాడట ఆయన. సెల్వానిది చెడ్డ మనసు కాదు, తొందర మనసు. ఆ రోజు మాత్రం వాడి చెవులు మెలిపెట్టాలనిపించింది నాకు.

శనివారం మధ్యాహ్నం సద్ది తీసుకుని షెడ్డుకు పోతే షట్టరు పూర్తిగా దించి ఉంది. లోపల నుంచి దెబ్బల చప్పుడు. ఒకటి ఇనుము మీద, ఒకటి చెక్క మీద, ఒకటి ఎక్కడో. షట్టరు ఎత్తి వంగి లోపలికి పోయినాను. మా ఆయన సుత్తిని గబుక్కున వీపు వెనక దాచుకున్నాడు, బళ్లో పలక పగలగొట్టిన పిల్లవాడిలాగా. వేలి కణుపుల మీద తోలు లేచి నెత్తురు కారుతున్నది. ఎడమచేతి వేళ్లు.

"ఎడం చేత్తో కొడతావుండావా?" అన్నాను.

"నువ్వు చూడకుండా ఉండాల్సింది," అన్నాడు నేల చూస్తూ.

"చూస్తే ఏమప్పా? దొంగతనమా?"

"నీకేం తెలుసు! ఎడం చేత్తో పని చేసేవానికి బండి ఎవడిస్తాడు? ఆయుధపూజ నాడు పసుపు కుంకుమ పెట్టిన సామాన్లు ఇవి. పాపన్న మేస్త్రీ నాకు నేర్పిన మొదటి పాఠం అదే. గిరాకీ ముందర ఎడం చెయ్యి తియ్యొద్దురా అని."

పాపన్న మేస్త్రీ మా ఆయన గురువు. కృష్ణగిరిలో చాలా ఏళ్లు గ్యారేజీ నడిపి, ఇప్పుడు జవళగిరిలో సొంత చేనులో రాగులు పండించుకుంటున్నాడు. అసలు ఈ నల్లకారు గేరుబాక్సు చివరిసారి విప్పింది ఆయనేనని, తాను అప్పుడు పని నేర్చుకుంటున్నానని మా ఆయన ఆ రోజు చెప్పినాడు.

నాకు కోపం నెత్తికెక్కింది. "ఆ పిన్ను బిగించిన మనిషి బతికే ఉండాడు. బస్సెక్కేంత దూరంలో ఉండాడు. నువ్వు ఈడ వేళ్లు కొట్టుకుంటావుండావు! పోయి అడగొచ్చు గదా?"

"అడిగితే చెప్పడు. పిన్ను కొట్టే టయానికి నన్ను టీ తెమ్మని పంపేవాడు. నేను వచ్చేలోపల అయిపోయి ఉండేది. ఏదో గుట్టు ఉండాది ఆయనకాడ. నాకే చెప్పలేదు."

"అందుకేనా పోనిది?"

మా ఆయన తన కుడిచెయ్యి ఎత్తి చూపినాడు. వంగని మూడు వేళ్లు ఎవరినో ఆగమన్నట్టు నిలబడి ఉన్నాయి. "ఈ చెయ్యి ఆయన నేర్పిన చెయ్యి దేవీ. దీన్ని తీసుకొనిపోయి ఆయనకు ఎట్ల చూపించేది?"

ఆ మాటకు నా కోపం అంతా ఎటు పోయిందో తెలియదు. పక్కన కూర్చుని ఆయన వేళ్లకు నా కొంగు చుట్టినాను. ఆయన ఏడవలేదు. నేనే ఏడ్చినాను.

మరునాడు పొద్దున్నే స్కూటరు తీసినాను. యాక్సిలరేటరు తిప్పడం ఆయన చేతికి కుదరదు కాబట్టి నడిపేది నేనే. వెనక కూర్చుని ఊరందరూ చూస్తున్నారని ఆయన ముడుచుకుపోతుంటే, "పట్టుకో, పడితే ఇంగో చెయ్యి కూడా పోతాది," అని ఎగతాళి చేసినాను. మత్తిగిరి దాటితే రోడ్డుకు రెండు పక్కలా గులాబీల పాలీహౌసులు. తళి దాటిన తరువాత అవి పోయి రాగి చేలు, వాటి వెనక అడవి. చల్లటి గాలికి ఆయన నా భుజం మీద చెయ్యి వేసినాడు. ఏ చెయ్యి అని నేను తిరిగి చూడలేదు.

పాపన్న ఇంట్లో అందరూ చేనులోనే ఉన్నారు. రాత్రి ఏనుగులు దిగినాయట. చేనులో ఒక మూల రాగి పైరంతా తొక్కుడుపడి చాపలాగా పరుచుకుంది. మిగిలింది కోసుకోకపోతే అదీ దక్కదని మేస్త్రీ, ఆయన భార్య మునివెంకటమ్మ వంచిన నడుము ఎత్తకుండా కోస్తున్నారు. మమ్మల్ని చూసి మేస్త్రీ కొడవలి కుప్ప మీద పెట్టి గట్టు దగ్గరికి వచ్చినాడు. జుట్టంతా నెరిసింది గానీ ఇంకా నిటారుగా ఉన్నాడు.

"ఏమిరా గిరీ, తోవ మరిచిపోయినావా?" అన్నాడు. అంటూనే ఆయన కళ్లు చేతి మీద పడినాయి. మా ఆయన చెయ్యి దాచుకోబోతే మేస్త్రీ పట్టుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని, ఒక్కొక్క వేలూ వంచి చూసి, తిప్పి చూసి, ఏ గేరు చక్రమో పరీక్ష చేసినట్టు చూసినాడు.

నేను మునివెంకటమ్మ పక్కకు పోయినాను. వాళ్లిద్దరి మధ్య నేను నిలబడటం బాగుండదనిపించింది. "అక్కా, నేను కూడా రెండు చాళ్లు కోస్తా," అని కుప్ప మీదున్న మేస్త్రీ కొడవలి తీసుకున్నాను. నేను రైతు కూతురినే, చిన్నప్పటి నుంచి రాగులు కోసినదాన్నే. పిడికెడు పైరు పట్టి లాగినాను. తెగలేదు. కొడవలి జారి పైకి పోయింది. మళ్లీ లాగినాను. కాడలు నలిగినాయి గానీ తెగలేదు. పదునుందా అని వేలు పెట్టి చూస్తే బాగా ఉంది.

"ఏమక్కా ఈ కొడవలి? నా చేతికి చిక్కదేమి?" అన్నాను.

మునివెంకటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అది ఆయప్పది. నీకు తెగదమ్మా. తళి కమ్మరోని దగ్గర చెప్పి చేయించుకొన్నాడు. దాని పన్ను అటు తిరిగి ఉంటాది. ఎడం చేతిది."

"ఎడం చేతిదా?"

"ఆయప్ప ఎడం చెయ్యోడు గదా! పుట్టినప్పటినుంచి. మీకు తెలీదా?"

నేను గట్టు వైపు చూసినాను. ఆమె మాట మా ఆయనకూ వినబడింది. నోరు తెరిచి నిలబడినాడు, నోట్లో ఈగ దూరినా తెలిసేటట్టు లేదు.

"మేస్త్రీ," అన్నాడు చివరికి, "ద్వారకనాథ్ గారి నల్లకారు ఉండాది గదా. దాని రెండో గేరు పిన్ను ఏ పక్కనుంచి దించినావు?"

"నా పక్కనుంచి," అన్నాడు పాపన్న. అదేం ప్రశ్న అన్నట్టు అన్నాడు.

మా ఆయన గట్టు మీద కూలబడినాడు. కూలబడి, రెండు చేతులతో తల పట్టుకుని, నవ్వడం మొదలుపెట్టినాడు. ఏడాదిగా వినని నవ్వు అది. ఎద్దులాంటి సెల్వం అన్ని రోజులు చెమటోడ్చి కొట్టింది పిన్నును ఊడబెరకడానికి కాదు, ఇంకా గట్టిగా బిగించడానికి! నాకూ నవ్వాగలేదు.

"కంపెనీ బొక్క అరిగిపోయి ఉండె," అని చెప్పినాడు మేస్త్రీ. "రీమరుతో తొలిచి బొక్కను కొంచెం పెద్దది చేసి లావు పిన్ను పెట్టినాను. నా చేతికి వాటమైన పక్కనుంచి వేసినాను. తప్పేమి?"

"మరి నాకెందుకు చెప్పలేదు? టీకి ఎందుకు పంపినావు?"

పాపన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. చెప్పడానికి ఇష్టం లేనట్టు అడవి వైపు చూసినాడు. "ఆ నల్లకారే రా. దాన్ని నేను మొదటిసారి పట్టినప్పుడు ద్వారకనాథ్ వాళ్ల నాయన వచ్చినాడు. నేను ఎడం చేత్తో సుత్తి పట్టుకొని ఉండా. చూసినాడు. ఒక్క మాట అనలేదు. మనుషుల్ని పిలిపించి, చక్రాలు కూడా సరిగా బిగించకముందే బండిని తోయించుకొని పోయినాడు. ఇంటి ముందర పసుపు నీళ్లు చల్లి లోపలికి తీసినారంట. ఊరంతా తెలిసిపోయె. కొన్నాళ్లు నా గడప తొక్కినోడు లేడు. ఆ పొద్దునించి గిరాకీ ఉంటే కుడిచెయ్యి. బలం కావాల్సి వస్తే షట్టరు కిందికి. నువ్వు పిల్లోడివి, నోట్లో మాట నిలవదు. అందుకే టీ."

"మల్ల అదే కారు ఎట్ల వచ్చె నీకాడికి?" అన్నాను నేను.

"ఇంగెవరూ చేయలేకపోతిరి గదమ్మా," అన్నాడు. ఆ మాటలో గొప్ప లేదు, బాధే ఉంది. "అప్పుడు ఆయన బయట కుర్చీలో కూర్చోనుండె. నేను లోపల షట్టరు దించి ఎడం చేత్తో బిగించినాను."

మా ఆయన తన గుట్టు కూడా చెప్పినాడు. షట్టరు దించుకుని ఎడమ చేత్తో కొట్టిన సంగతి, వేళ్లు పగిలిన సంగతి. మేస్త్రీ విని, "ఎట్ల నిలబడి కొట్టినావు?" అని అడిగినాడు. మా ఆయన లేచి నిలబడి చూపించినాడు. మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు.

"కుడిచేతోని మాదిరి నిలబడి ఎడం చేత్తో కొడితే సుత్తి యాడికి పోతాది? నీ వేళ్ల మీదికే పోతాది. ముందు మనిషివి అటు పక్కకి పో. కాళ్లు మార్చు. ఎడం చెయ్యి చెడ్డ చెయ్యి కాదురా, దానికి నువ్వు తావు ఇయ్యలేదు, అంతే." మా ఆయన కుడిచెయ్యి మళ్లీ పట్టుకున్నాడు. "ఇది పోయినాది. సరే. పోయినాది పోయినాదే. ఇంగోటి ఉండాది గదా."

ఆ తరువాత మేస్త్రీ తన కొడవలి తీసి మా ఆయన ఎడమ చేతిలో పెట్టినాడు. చాలు కొయ్యమన్నాడు. మొదట మా ఆయన అవస్థ చూడాలి! పిడికిలి పట్టలేక, కుడి అరచేతితో పైరును వాటేసుకుని, కొడవలి ఆడించలేక, మాటిమాటికీ ఆగి. మునివెంకటమ్మా నేనూ ముందుకు పోయి వెనక్కి తిరిగి చూసి నవ్వుకున్నాము. అడవిలోకి ఎండ వాలేసరికి ఏనుగులు మళ్లీ దిగుతాయన్న తొందర అందరికీ ఉంది. ఆ తొందరలో ఆయన సిగ్గు మరిచిపోయినాడు. మధ్యాహ్నం దాటినాక చూస్తే కొడవలి చప్పుడు నిలకడగా వస్తున్నది. చేనంతా కోసి కుప్ప ఇంటి ముందుకు చేర్చి, రాగి ముద్ద తిని బయలుదేరినాము. వచ్చేటప్పుడు స్కూటరు మీద ఆయన ఎడమ చేతిని తొడ మీద తెరిచి, మూసి, తెరిచి చూసుకుంటూనే ఉన్నాడు.

సోమవారం నేను పనికి సెలవు పెట్టి షెడ్డుకు పోయినాను. ద్వారకనాథ్ గారు బండి తోలుకుపోవడానికి టోయింగ్ లారీతో సహా వచ్చి ఉన్నాడు. సెల్వం పక్కన నిలబడి, "నేను చెప్పినా గదా సార్, ఆవాదు, అయ్యే పని కాదు," అంటున్నాడు. మా ఆయన ఇద్దరికీ ఏమీ చెప్పకుండా సగం ఎత్తి ఉన్న షట్టరును భుజంతో తోసి పై దాకా ఎత్తినాడు. ఎండ లోపలి గోడ వరకూ పడింది. ఏడాది దుమ్ము కనబడింది. వైసులోని పైమూతను విప్పి, ఇన్నాళ్లూ కొట్టని కొన పైకి వచ్చేటట్టు తిప్పి బిగించినాడు. వైసుకు అటు పక్క పోయి నిలబడినాడు. వంగని కుడి వేళ్లకూ బొటనవేలికీ మధ్య పంచ్‌ను దూర్చి పిన్ను మీద ఆనించినాడు. సుత్తి ఎడమ చేతిలోకి తీసుకున్నాడు.

"అదేమిటప్పా," అన్నాడు ద్వారకనాథ్ గారు, "ఎడం చేత్తోనా?"

నా నోరు దురద పెట్టింది. మీ నాయన పసుపు నీళ్ల సంగతి నాకు తెలుసు అని అనబోయినాను. మా ఆయన నాకంటే ముందు మాట్లాడినాడు, తల ఎత్తకుండానే.

"ఈ పిన్ను బిగించింది ఎడం చెయ్యే సామీ. నమ్మకం లేకుంటే బండి తీసుకొని పోండి. ఉంటే రెండు నిముషాలు నిలబడండి."

ఈ మాటకు ద్వారకనాథ్ గారు 'తీసుకుపోతా' అంటే, మా ఆయన ఈ షట్టరు ఇంక జన్మలో ఎత్తడని నాకు తెలుసు. ద్వారకనాథ్ గారు రోడ్డు వైపు చూసినాడు, కారు వైపు చూసినాడు. పోలేదు. నిలబడినాడు.

మొదటి దెబ్బ పంచ్ అంచుకు తగిలి జారింది. సెల్వం ఏదో అనబోతే నేను చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు. రెండో దెబ్బ నేరుగా పడింది, కానీ ఎప్పటి మొద్దు చప్పుడే. మా ఆయన ఆగినాడు. కాళ్లు మార్చుకున్నాడు. నిన్న చేనులో చివరి చాళ్లలో నిలబడినట్టు నిలబడినాడు. మూడోది కొట్టినాడు.

చప్పుడు మారింది. నాకు గేరుబాక్సుల సంగతి తెలియదు గానీ, ఆ మార్పు తెలియడానికి మెకానిక్కు కానక్కర లేదు. సెల్వం "అయ్యో!" అని ముందుకు వంగినాడు. ఇంకొక్క దెబ్బకు పిన్ను వెనక నుంచి జారి సిమెంటు నేల మీద పడి, దొర్లుకుంటూ పోయి ద్వారకనాథ్ గారి చెప్పు దగ్గర ఆగింది.

మా ఆయన సుత్తి కింద పెట్టలేదు, దాన్ని పట్టుకుని తన చేతినే చూసుకుంటున్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. తుడుచుకోలేదు, ఎవరు చూస్తే నాకేమి?

ద్వారకనాథ్ గారు వంగి పిన్ను తీసినాడు. వేళ్ల మధ్య తిప్పి చూసినాడు. "మా నాయన పాపన్న గ్యారేజీ ముందర కుర్చీలో గంటల తరబడి కూర్చునేది నాకు బాగా గుర్తుండాది," అన్నాడు మెల్లగా. "పాపన్న లోపల ఏం చేసేది ఆయనకు తెలీదు. తెలిసుంటే బండిని మల్ల కడిగించుండును."

"మీరేం చేస్తారు సామీ?" అని అడిగేసినాను.

ఆయన నా వైపు చూసి కొంచెం సిగ్గుపడినట్టు నవ్వినాడు. "రెండో గేరు పడితే చాలమ్మా. మా కాంతమ్మను ఎక్కించుకొని పోతాను." పిన్నును మా ఆయన ముందు చాచి, "కొత్తది ఏ పక్కనుంచి వేస్తావప్పా?" అని అడిగినాడు.

"నా పక్కనుంచి," అన్నాడు మా ఆయన.

లారీ ఖాళీగా వెనక్కి పోయింది. సెల్వం కడ్డీ లాగడానికి వైసు దగ్గరికి పోయి, అలవాటు కొద్దీ పాత పక్కనే నిలబడితే, "ఇటు రా అప్పా, అటు కాదు," అని మా ఆయన కసిరినాడు. ఆ కసురు చెవికి చల్లగా తగిలింది. నేను మూలనున్న చీపురు తీసుకుని ఏడాది దుమ్ము ఊడవడం మొదలుపెట్టినాను.

అప్పుడు ఫోను మోగింది. మా అన్న అనంతకుమార్. సెక్యూరిటీ డ్రస్సు కుట్టించాలట, కొలతలు కావాలట.

"గిరి యాడ?" అన్నాడు.

"పనిలో ఉండాడు," అన్నాను.

"ఏం పని?" అన్నాడు మా అన్న, అర్థం కాక. నేను జవాబు చెప్పకుండా ఫోను పట్టిన చెయ్యి వైసు వైపు చాచినాను. సుత్తి దెబ్బ ఒకటి పడింది, దాని వెనకే ఇంకొకటి. చాలాసేపు విని, "సరే, కొలతలు వద్దులేమ్మా," అన్నాడు మా అన్న.